అండాలు ఓటు

ఓటు వేయడానికి మనిషి బూత్‌కు వెళ్లే రోజులు పోయాయి. ఏడాది పొడవునా ఎవరు ఏం కొంటున్నారో చూసి, వార్డు యంత్రమే వాళ్ల ఓటు వేసేస్తుంది.

బస్తీలో ఉండే అండాలు ఫోనుకు ఓటు చీటీ వచ్చింది. ఆ బస్తీని తీసేసి నడక బాట వేయిస్తానన్న అభ్యర్థికి ఆమె ఓటు పడింది. ఆమె వార్డు ఆఫీసుకు పరుగెత్తింది.

"నా ఇల్లు కూలగొట్టెటోనికి నేనెట్ల ఏస్త సారూ?"

గుమాస్తా తెర చూశాడు. "నెలనెలా ఆలివ్ నూనె, కుక్క బిస్కెట్లు కొంటున్నవు. అసొంటోళ్లందరు ఆయనకే ఏస్తరమ్మా."

"అవి టవర్లల్ల అమ్మగార్లయి. నా ఫోన్ల నుంచి తెప్పిస్త. నేను వండేదాన్ని, తినేదాన్ని గాదు."

"యంత్రానికి ఫోను ఎవరిదో తెలుస్తది, నోరు ఎవరిదో తెల్వది. ఇగ మార్చరాదు. ఒక్క ఓటుకు ఏమైతది తియ్యి."

"ఒక్కటేంది? మా బస్తీల నాలుగు వందల మందిమి వంటపనికే పోతం."

మూడు వందల ఓట్ల తేడాతో ఆ అభ్యర్థే గెలిచాడు. మర్నాడే మెడలో దండతో బస్తీకి వచ్చాడు. వెనకాలే బుల్డోజర్ వచ్చింది. ఎదురుపడ్డ అండాలుకు ఆయన రెండు చేతులూ జోడించాడు.

"మీరంత ఒక్కమాట మీద నిలబడ్డరు తల్లీ. అందుకే మీకిచ్చిన మాట మొదటి రోజే నిలబెట్టుకుంటున్న."