అమ్మ ఆపేసిన చోట

"ఎవరది పాడింది?"

టోబిన్ గిటారు మీద చెయ్యి ఆపేశాడు.

పాటలకు పేరుపడ్డ నాష్‌విల్‌లో వెల్డా నడిపే కాఫీ దుకాణం చిన్నది. మధ్యలో నలుగురు పాటగాళ్లు గుండ్రంగా కూర్చుని, తాము రాసినవి వంతులవారీగా పాడతారు. చుట్టూ ఉన్నవాళ్లు చెంచా చప్పుడు కూడా చెయ్యకూడదు.

ఆ మధ్యాహ్నం మరీను. టోబిన్ ఆఖరి రికార్డు అక్కడే తయారవుతోంది. ఎల్లుండి అతని గొంతుకు ఆపరేషన్. ఆ తర్వాత పాట ఉంటుందో లేదో డాక్టరు కూడా చెప్పలేదు.

గోడ వార నుంచి ఒక ముసలాయన లేచాడు. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"నేనే బాబూ. నా వంతు వచ్చిందనుకున్నాను."

అందరూ గొల్లుమన్నారు.

"వంతా! మీ కుర్చీ ఏదండీ?" అన్నాడు టోబిన్. "అక్కడ నేను మరిచిపోయి ఆగలేదు పెద్దాయనా. ఆ పాటలో ఆ చోటు ఖాళీగానే ఉంటుంది. ముప్పై ఏళ్లుగా అంతే. ఈ ఊళ్లో పిల్లలక్కూడా తెలుసు."

"నాకూ తెలుసు. అందుకే..."

"వెల్డా, ఈయన్ని బయట కూర్చోబెట్టు. మొక్కజొన్న రొట్టె కూడా పెట్టు. నోరు ఖాళీగా ఉంటే మళ్లీ పాడతాడు."

వెల్డా ఆయన మోచెయ్యి పట్టుకుని నడిపించింది. గుమ్మం దగ్గర ఆయన వెనక్కి తిరిగాడు.

"ఒక్క మాట, బాబూ..."

"మాటలు బయట. ఇక్కడ పాటలే."

మళ్లీ నవ్వులు. తలుపు మూసుకుంది.

టోబిన్ ఆ పాటను మొదటినుంచి మళ్లీ పాడాడు. అది అమ్మ పాట. బొగ్గు గనుల ఊళ్లో, గిన్నెలు తోముతూ ఆమె తీసిన రాగం. ఒక పాదం పాడి ఆగేది. కాసేపటికి మరో పాదం అందుకునేది. ఆ రాగానికి టోబిన్ మాటలు కట్టాడు. ఆ ఖాళీని మాత్రం అలాగే ఉంచాడు. అదే అతనికి పేరు తెచ్చింది.

మర్నాడు పొద్దున స్టూడియోలో మార్లా కూర్చోమంది. అతని రికార్డులన్నీ చేసింది ఆవిడే.

"రెండోసారి పాడింది బాగా వచ్చింది. కానీ ముందు మొదటిది విను."

"అది ఆ ముసలాయన పాడుచేశాడుగా. చెరిపెయ్."

"చెరిపేద్దాంలే. ముందు విను."

టోబిన్ గొంతు. తర్వాత ఖాళీ చోటు. అందులో మరో గొంతు, కాస్త కింద, కాస్త అరిగిపోయి. టోబిన్ తర్వాతి పాదం అందుకున్నాక కూడా అది ఆగలేదు. ఒక్క క్షణం రెండూ కలిసి నడిచాయి.

"రెండు గొంతులకీ మధ్య అతుకెక్కడుందో చెప్పు చూద్దాం," అంది మార్లా.

టోబిన్ చెప్పలేకపోయాడు.

తన గొంతు కలిపి ఎంతమంది పాటలనో నిలబెట్టినవాడు టోబిన్. తన పాటకు జత గొంతు మాత్రం ఎన్నడూ దొరకలేదు. ఎవరు కలిపినా నీళ్లలో నూనె. చివరికి రెండు గొంతులూ తానే పాడుకునేవాడు.

"రక్తం ఒకటైతేగాని అలా కలవవురా," అనేవాళ్లు పాత పాటగాళ్లు.

"అయితే నాకు యోగం లేదు. నేను పుట్టకముందే మా నాన్న ఇంటి దారి మరిచిపోయాడు," అని వేదికల మీద నవ్వించేవాడు టోబిన్.

నిన్న కూడా నవ్వించాడు.

ఫోను అందుకున్నాడు.

"వెల్డా, నిన్నటి పెద్దాయన..."

"రొట్టె ముట్టుకోలేదు. నీ పాట అయ్యేదాకా కిటికీ అవతల నిలబడి, బస్సెక్కి వెళ్లిపోయాడు."

"ఏ ఊరి బస్సు? పేరేమన్నాడు?"

"నేనేం అడగలేదు టోబిన్. పంపెయ్యమన్నావని పంపేశాను."

"మళ్లీ పాడాడా?"

"లేదులే, నీ మాట విన్నాడు. ఆ ఖాళీ చోటు వచ్చినప్పుడు మాత్రం పెదవులు కదిలించాడు."

టోబిన్ ఫోను పెట్టేశాడు. మార్లా అడక్కుండానే ఆ ముక్క మళ్లీ వినిపించింది.

చిన్నప్పుడు ఒకసారి అడిగాడు, అక్కడెందుకు ఆపుతావమ్మా అని.

"అది నా వంతు కాదు కన్నా," అంది అమ్మ, గుమ్మం వైపు చూస్తూ.

మరి ఎవరి వంతని ఆనాడు టోబిన్ అడగలేదు. నిన్న నాన్నే లేచి నిలబడి నాదని చెప్పినా, వినలేదు.