తిప్పకముందే వెలిగిన బల్బు

ఇప్పుడు కరెంటు గాలిలోనే వస్తుంది. తీగ ముఖం చూసిన పిల్లలు లేరు. ఒకప్పుడు మోటార్లకు రాగి తీగ చుట్టి బతికినవాణ్ణి కదా, కరెంటు ఎలా పుడుతుందో చూపిస్తానని బడిలో మాటిచ్చేశాను. మనవరాలు మేఖల తరగతంతా చాటేసింది.

అయస్కాంతాలు, రాగి తీగ చుట్ట, తిప్పే పిడి బిగించి, బల్బు తగిలించి బల్ల మీద పెట్టాను. పిడి ముట్టకముందే బల్బు వెలిగి కూర్చుంది. బల్బు గాలిలో కరెంటునే లాక్కుంటుందన్న సంగతి నా బుర్రకే తట్టలేదు.

"తిప్పకుండానే వెలిగిందిగా తాతా! మరి ఇదెందుకు?" అన్నాడొకడు. అందరూ నవ్వారు. మేఖల తల దించుకుంది.

బల్బు పీకేసి పిడి తిప్పాను. మేఖల విసురుగా వచ్చి తీగ కొసలు పట్టుకుంది.

"అమ్మో, కరెంటు కొట్టింది!"

అలవాటు కొద్దీ చుట్లు ఎక్కువ పెట్టినట్టున్నాను. షాకంటే ఏమిటో ఎరగని పిల్లలంతా క్షణంలో "నాకూ, నాకూ" అంటూ నా మీద పడ్డారు.

మేఖల బల్లెక్కి అరిచింది: "తోసుకోకండ్రా! మా తాత అందర్నీ కొడతాడు!"