వాము మూట

"కొంచెం లేచి వెనక్కి పోతావా అక్కా? బిడ్డకు అసలే జలుబు."

అమృత మెత్తగానే అడిగింది. కానీ అడిగేదాకా ఆమె మనసు ఊరుకోలేదు.

నంద్యాలలో ఆళ్లగడ్డ బస్సెక్కినప్పటి నుంచి కిటికీ పక్క కూర్చున్న ఆ మనిషినే చూస్తోంది. బయట ఎండ మాడ్చేస్తోంది. ఆమె మాత్రం చెవుల్లో దూది పెట్టుకుని, తలచుట్టూ గుడ్డ బిగించి కట్టుకుంది. కళ్లు ఎర్రగా వాచిపోయాయి. మాటిమాటికీ కొంగుతో ముక్కు తుడుచుకుంటోంది.

ఇంత జలుబు పెట్టుకుని పసిబిడ్డ పక్కన కూర్చోవడమేమిటి, చోద్యం కాకపోతే.

"నాకు..." అని ఏదో చెప్పబోయింది ఆమె. అమృత ఒడిలోని బిడ్డను చూసి ఆగిపోయింది. ముందు సీటు కమ్మీ పట్టుకుని మెల్లగా లేచి, నిండు బస్సులో సందు చేసుకుంటూ వెనక తలుపు దగ్గరికి పోయి నిలబడింది.

"మంచి పని చేసినావు" అంది అత్త జయలక్ష్మమ్మ, కిటికీ వైపు జరుగుతూ. "ఆ జలుబు గూడా అంటుకుంటే పిల్లోడు తట్టుకుంటాడా?"

మూడు నెలల విష్ణుకు ముక్కు పూర్తిగా మూసుకుపోయింది. రొమ్ము అందిస్తే ఆత్రంగా పట్టుకుంటాడు. ఊపిరాడక వదిలేస్తాడు. గుక్కపెట్టి ఏడుస్తాడు. పొద్దుటి నుంచి ఇదే వరస. పాలు తాగకపోతే రేపు ఆసుపత్రిలో చేర్చుకోవాల్సి వస్తుందని డాక్టరు అన్నాడు. 

బిడ్డ ఏడ్చినప్పుడల్లా వెనక నిలబడ్డామె ఇటే చూస్తోంది. కొంగు ఎదకు గట్టిగా అదుముకుంటోంది. ఆ కొంగంతా తడిసి ఉంది. నీళ్ల సీసా ఒలకబోసుకుందేమో అనుకుంది అమృత.

శిరివెళ్ల మెట్ట స్టాపు వచ్చింది. వెనక నిలబడ్డామె ఆ తలుపులోంచే దిగకుండా, జనాన్ని తప్పించుకుంటూ ముందుకొచ్చింది. రవికలోంచి చిన్న గుడ్డమూట తీసింది.

"వాము మూట మా. వెచ్చగా బిడ్డ ఎదమీద పెట్టి, భుజానేసుకోని నిలువుగా పట్టుకో. ముక్కు వదులుతాది."

"మాకేం వద్దులేమ్మా" అంది జయలక్ష్మమ్మ. "ముందు నీ జలుబు సంగతి సూసుకో."

ఆమె మూటను సీటు అంచున పెట్టి, విష్ణు పాదాన్ని వేలికొసతో తాకీ తాకనట్టు తాకి, దిగిపోయింది.

బస్సు కదిలింది. ఏడ్చి ఏడ్చి విష్ణు గొంతు బొంగురుపోయింది. ఇక అమృత వల్ల కాలేదు. అత్త ఏమంటుందో కూడా చూడకుండా మూట అందుకుంది. మెత్తటి పాతగుడ్డ. ఆమె ఒంటి వెచ్చదనం ఇంకా పోలేదు. దాన్ని బిడ్డ ఎదకు ఆనించి భుజాన వేసుకుంది. వాము వాసన గుప్పుమంది.

కాసేపటికి విష్ణు గట్టిగా తుమ్మాడు. ముక్కులో పేరుకున్నదంతా బయటికొచ్చింది. అమృత తుడిచి రొమ్ము అందించింది. ఈసారి వదల్లేదు. గుటకలు పడుతున్న చప్పుడు వినబడుతుంటే ఆమెకు ఏడుపొచ్చింది.

"తాగుతాండాడు అత్తా."

జయలక్ష్మమ్మ మనవడి తల నిమిరింది. "ఊరికే లేపితిమే పాపం. ఎవురో ఏమో, ఆయమ్మ బిడ్డలు సల్లగుండల్ల."

అమృత కిటికీలోంచి వెనక్కి చూసింది. మెట్ట ఎప్పుడో దాటిపోయింది. మళ్లీ ఎక్కడైనా కనబడితే చేతులు పట్టుకుని క్షమించమని అడగాలి అనుకుంది. ఆమె జలుబు తొందరగా తగ్గాలని అహోబిలం నరసింహస్వామికి మొక్కుకుంది కూడా.

ముందు నుంచి టికెట్లు కొట్టుకుంటూ కండక్టరు వచ్చాడు.

"ఈ కిటికీ కాడ ఒకాయమ్మను కూర్చోబెట్టినానే, యాడమ్మా?"

"మెట్టలో దిగిపోయిందన్నా. జలుబుతో ఉండాదని మేమే లేపి వెనక్కి పంపిస్తిమి."

కండక్టరు టికెట్ల మిషను కిందికి దించాడు.

"జలుబు కాదు మా, పచ్చి బాలింత" అన్నాడు. "పొద్దున ఆసుపత్రిలో బిడ్డ పోతే, పూడ్చేదానికి మొగుడు బండిమీద ముందర ఎత్తుకపోయినాడు, 'ఎక్కువసేపు నిలబడలేదు, జాగ్రత్తన్నా' అని ఆయమ్మను నాకప్పజెప్పి పోయినాడు."