చప్పుడు లేని బస్సు

“చప్పుడు చెయ్యని బండిని నేను నమ్మనే. మీద మీదకి వచ్చేదాకా ఎదుటి మనిషికి తెలీదు!”

డ్రైవరు సీట్లో కూర్చుంటూ మా అమ్మాయి నవ్వింది. “పాత బస్సెక్కితే నడుం విరిగిందంటావు. ఇది కుదపకపోతే అదో తప్పా? మెత్తటి సీటు, హాయిగా కూర్చో తల్లీ.”

కరెంటు బస్సు నడపడం తనకి ఆ రాత్రే మొదలు. ఆఖరి ట్రిప్పుకి ఒంటరిగా పంపలేక నేనూ బయల్దేరాను. ప్రయాణికులంతా దిగిపోయాక వెనక నుంచి లేచొచ్చి, అమ్మాయి వెనక సీట్లో సర్దుకున్నాను. పాత డీజిల్ బస్సైతే అద్దాలు గలగలమనేవి, గేరు మూలిగేది. ఇందులో నా ఊపిరి నాకే వినబడుతోంది.

దిగేవాళ్లు నొక్కే గంట మోగింది. బస్సు స్టాపులో ఆగి, దిగడానికి వీలుగా ఒక పక్కకి ఒరిగింది. ఎవరూ దిగలేదు.

“చిన్నపిల్లలా ఆ బటన్ నొక్కకమ్మా!” అని అరిచింది అమ్మాయి.

నేనెందుకు నొక్కుతానని నోట్లోనే గొణుక్కున్నాను.

మళ్లీ మోగింది. అమ్మాయి తల మీది అద్దంలో వెనక సీట్లకేసి చూస్తూ, ఇక చాలన్నట్టు చెయ్యి ఊపింది. ముందుకి వంగి భుజం తట్టాను.

“ఎవరికే చెబుతున్నావు? నేనిక్కడుంటే!”

ఉలిక్కిపడి నన్ను చూసింది, మళ్లీ అద్దంలోకి చూసింది. రెండు స్టాపులు ఆపకుండా దాటించేసింది. వెనక్కి తిరిగే ధైర్యం నాకూ చాలలేదు.

చివరికి గొంతు బాగా తగ్గించి అంది: “ఆ వెనక కూర్చున్నది నువ్వే అనుకున్నానమ్మా, ఇంతసేపూ.”