ఒకే ఒక్క సీటు

"ఈ కాగితం చెల్లదమ్మా."

గుమాస్తా ఆ మాట అనేసి కిటికీలోంచి ఫైలు వెనక్కి తోసింది.

బస్సు కండక్టరమ్మ దాన్ని మళ్ళీ లోపలికి తోసింది. వారానికి ఒక్కరోజు సెలవు. అది కాస్తా ఈ కిటికీ ముందే హరించుకుపోయేలా ఉంది.

"ఎందుకు చెల్లదు మేడమ్? పెద్దాసుపత్రి చెవి డాక్టరే ఇచ్చారు."

"ఇచ్చి ఏడాది దాటింది. కొత్త తేదీతో మళ్ళీ రాయించుకురండి. నాలుగింటికి కిటికీ మూసేస్తాం."

"రేపు తెస్తే?"

"సీటు ఇవాళే ఖాళీ అవుతోంది. మీ కాగితాలు పూర్తి కాకపోతే మీ తరవాతివాళ్ళకి ఇచ్చేస్తాం."

అది చెవులు వినపడని పిల్లల బడి. ఊరు మొత్తానికీ అదొక్కటే. ఆమె కూతురు ఎప్పటినుంచో జాబితాలో ఉంది. ఈ నెల పోతే పాపకి వయసు దాటిపోతుంది. ఆ తరవాత కాళ్ళావేళ్ళా పడ్డా చేర్చుకోరు.

నిన్న ఫోను రాగానే కూతుర్ని ఎత్తుకుని గిరగిరా తిప్పింది. ఇవాళ ఆ సీటే చేజారేలా ఉంది.

పక్కనే బల్ల మీద ఒకాయన కూర్చుని ఉన్నాడు. నలిగిన చొక్కా, మాసిన గడ్డం, చేతిలో ఒక కవరు. ఆమె వచ్చినప్పటినుంచీ ఆ ఫైలు వంకే చూస్తున్నాడు.

"మీ పాప కోసమా అమ్మా?" అన్నాడు.

"ఆఁ."

"అసలు వినపడదా? కొంచెం వినపడుతుందా?"

"మీకెందుకండీ?"

"ఊరికే అడిగాను. ఆసుపత్రి దూరం కదా, నా బండి మీద దింపనా?"

కండక్టరమ్మ ఆయన్ని ఎగాదిగా చూసింది. టిక్కెట్టు తీసుకోనివాణ్ణి మొహం చూసే పట్టేస్తుందని డిపోలో ఆమెకి పేరు. ఇతగాడి సంగతీ క్షణంలో తేల్చేసింది. ఇతని పిల్లా జాబితాలో ఉంది. తను దారిలో ఎక్కడైనా ఇరుక్కుపోతే సీటు ఇతనిది.

"నాకు బస్సులు తెలుసులెండి," అని చరచరా వెళ్ళిపోయింది.

చెవి డాక్టరు భోజనానికి వెళ్ళాడు. భోజనం చేసి టీకి వెళ్ళాడు. ఆమె గది గుమ్మంలోనే నిలబడి గోళ్ళన్నీ కొరికేసింది. ఎట్టకేలకి కాగితం చేతికి వచ్చేసరికి రెండు కావస్తోంది.

బడికి తిరిగొచ్చి ఇస్తే గుమాస్తా దాన్ని చూసి తలూపింది. పేజీ తిప్పి ఆగింది.

"తండ్రి సంతకం ఏదమ్మా?"

"ఆ ముక్క పొద్దున్నే చెప్పొచ్చుగా మేడమ్!"

"పొద్దున మొదటి పేజీ దగ్గరే ఆగిపోయాంగా."

మొగుడు ఊరి చివర షెడ్డులో వెల్డింగ్ చేస్తున్నాడు. పనిలో ఉంటే ఫోనెత్తడు.

బల్ల మీద ఆయన గబుక్కున లేచాడు.

"ఈసారైనా బండెక్కండమ్మా. టైము లేదు."

"మీ పని మీరు చూసుకోండి. నేను రాకపోతే మీకేగా లాభం!"

ఆయన కవరు చేతిలో తిప్పుకుంటూ మళ్ళీ కూర్చున్నాడు.

షెడ్డులో మొగుడు మసి వేళ్ళతోనే పెన్ను పట్టుకున్నాడు.

"వస్తుందంటావా సీటు?"

"ముందు సంతకం పెట్టు మహానుభావా!"

తిరుగు దారిలో ప్రతి కూడలిలోనూ ఆటో ఆగింది. రోజూ తన బస్సులో జనం ఎందుకంత సణుగుతారో ఆమెకి అప్పుడు తెలిసింది. ఫైలు గుండెలకి అదుముకుని కూతుర్నే తలుచుకుంది. పాప ఇంతవరకూ 'అమ్మా' అనలేదు.

ఆఫీసు మెట్లు ఎక్కేసరికి కిటికీ తలుపు సగం మూసి ఉంది. ఆ సగానికి చెయ్యి అడ్డం పెట్టి నిలబడ్డాడు ఆ మనిషి. రెండో చేతిలో పెన్ను.

"సంతకం పెట్టండి సార్. ఇంక ఆగడం కుదరదు," అంటోంది గుమాస్తా.

కండక్టరమ్మకి ఒళ్ళు మండిపోయింది.

"జరగవయ్యా! సిగ్గుండాలి! ఒకరి నోటి దగ్గర కూడు లాక్కోవడానికి పొద్దుట్నుంచీ కాపు కాస్తున్నావా? నువ్వూ పిల్ల ఉన్నవాడివేగా, ఆ మాత్రం తెలీదూ?"

నిండు బస్సులో వెనక సీటుదాకా వినపడే గొంతు అది. వరండాలో ఉన్నవాళ్ళంతా తిరిగి చూశారు.

"వచ్చేశారా," అన్నాడాయన. అంతే. పక్కకి జరిగి చోటిచ్చాడు.

ఆమె ఫైలు లోపలికి వెళ్ళాక తన కాగితం మీద సంతకం పెట్టాడు. దాన్నీ, కవరునీ గుమాస్తాకి ఇచ్చి తల వంచుకుని మెట్లు దిగిపోయాడు.

'పెట్టుకో, ఇప్పుడు పెట్టి ఏం లాభం!' అనుకుంది కండక్టరమ్మ.

గుమాస్తా టపటపా రెండు ముద్రలు కొట్టింది. "సోమవారం పాపని తీసుకురండమ్మా. చేర్చుకున్నాం."

కండక్టరమ్మ అక్కడే చతికిలబడి కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. భయం తీరింది కదా, ఇప్పుడు జాలిపడే తీరిక దొరికింది.

"పాపం, ఆయన పిల్లకి మళ్ళీ ఎప్పుడొస్తుంది మేడమ్ సీటు?"

"ఎవరి పిల్లకి?"

"ఇప్పుడు వెళ్ళాడే, ఆయన పిల్లకి."

గుమాస్తా తలెత్తి చూసింది.

"ఆయన సీటు అడగడానికి రాలేదమ్మా. వదులుకోవడానికి వచ్చాడు. ఆయన సంతకం పడగానే ఎవరి కాగితాలు సరిగ్గా ఉంటే వాళ్ళకి ఇవ్వాలి. మీ తరవాతివాళ్ళవి పొద్దున్నే వచ్చేశాయి. ఎంత చెప్పినా ఆయన వినలేదు. ఆవిడ వచ్చేదాకా పెట్టనని భోజనానికి కూడా లేవలేదు."

కండక్టరమ్మ ఒక్క పరుగున మెట్ల దాకా వెళ్ళింది. బండి నిలిపిన చోటు ఖాళీగా ఉంది.

వెనక్కి వచ్చేసరికి గుమాస్తా కవరులోంచి బడి కార్డు తీసింది. ముందు పన్ను ఊడిన పాప ఫొటోలోంచి నవ్వుతోంది.

"ఏ బడికి మార్చారు మేడమ్ వాళ్ళ పాపని? చెప్పండి, వెళ్ళి ఆయన కాళ్ళు పట్టుకుంటాను."

గుమాస్తా కార్డుని సొరుగులో పెట్టి మెల్లగా మూసింది.

"ఆ ఒక్క పిల్లేనమ్మా ఆయనకి, పోయిన నెల జ్వరంతో పోయింది."