గాలి మారే క్షణం

"మళ్ళీ నట్టనడుమ నిలబెట్టావు," అన్నారు బావగారు, ఫొటోను చచ్చిన బొద్దింకలా రెండు వేళ్ళతో పట్టుకుని. "ఇదేమన్నా పాస్‌పోర్టు ఫొటోనా, చెట్టుకు రెండు చెవులూ కనబడాలని?"

క్లాసుకొచ్చినవాళ్ళు కిసుక్కుమన్నారు. ఆ ఫొటో తీసిన కొత్తకోడలు కూడా నవ్వేసింది. చెవులున్న చెట్టును ఊహించుకుంటే నవ్వు ఆగలేదు మరి.

"నవ్వు, నవ్వు. ఆకాశం సగం, నేల సగం. ఆస్తి పంపకాలా ఇవి? ముందర ఒక్క రాయి లేదు, గడ్డిపరక లేదు. చూసేవాడి కన్ను ఎక్కడ అడుగు పెట్టాలి?" ఫొటోను బల్ల మీదికి విసిరారు. "అటక మీద పడెయ్యడానికి కూడా పనికిరాదు. అటక జోలికి మాత్రం పోకు, అక్కడ తేళ్ళున్నాయి."

స్టూడియో మామగారి కాలం నాటిది. ఇప్పుడు పెత్తనమంతా పెద్దకొడుకైన బావగారిదే. శనివారం సాయంత్రాలు ల్యాండ్‌స్కేప్ ఫొటోలు నేర్పే క్లాసూ ఆయనదే. చాటున అందరూ 'ఫ్రేము మాస్టారు' అంటారు. ఆయనకు మెచ్చుకోవడమంటే పన్ను పీకించుకోవడంతో సమానం. ఆయన మెచ్చిన ఫొటో లోకంలో ఒక్కటే ఉంది. అది ఆయన తీసిందే.

వీధి వైపు అద్దాల వెనక వేలాడే నలుపు తెలుపు చెరువు. ఎడమ మూల బండరాయి, దాని పక్కన రెల్లు, వంపు తిరిగిన గట్టు, కుడివైపు మూడోవంతు దగ్గర కొలిచి పెట్టినట్టు తెరచాప పడవ, ఆ వెనక కొండ. ఎక్కడా ఒక్క కొమ్మ అడ్డం లేదు.

"ఇలాంటిది ఒక్కటి తీసుకురా," అన్నారు ఆమె కాపురానికి వచ్చిన కొత్తలోనే. "మర్నాడే బయటి పనులకు కెమెరా నీ చేతిలో పెడతాను. అందాకా కౌంటర్లో కూర్చుని పాస్‌పోర్టు ఫొటోలు కత్తిరించు."

కత్తెర పట్టుకోవడానికి కాదు ఆమె డిగ్రీ చదివింది. ఆ కెమెరా ఎలాగైనా కావాలి.

"ఆ చెరువు ఎక్కడుంది బావగారూ?"

"అడ్రసులు అడిగేవాళ్ళు పోస్టుమాన్లవుతారు, ఫొటోగ్రాఫర్లు కారు."

"రెల్లు ఎడమకి వంగింది, తెరచాపేమో కుడికి ఉబ్బింది. గాలి ఎటు నుంచండీ?"

"అదే గాలి మారే క్షణం! దానికోసం పొద్దుటి నుంచీ కదలకుండా నిలబడ్డాను. నీకు అర్థం కాదులే."

"మరి ఆకాశంలో ఆ అడ్డగీత?"

"కొంగల బారు. కళ్ళద్దాలు పెట్టించుకో."

ప్రతి ఆదివారం భర్త తన చిన్న పాత కెమెరా ఆమె చేతికిచ్చి స్కూటర్ తీసేవాడు. దారిలో ఎక్కడ నీళ్ళు మెరిసినా ఆగేవారు. బావగారి తిట్లలోంచి వెటకారం వడగడితే పాఠం మిగిలేది. ఆమె చెట్టును పక్కకు జరిపింది, అంటే తనే జరిగింది. మోకాళ్ళ మీద కూర్చుంటే గులకరాయి కూడా కొండంత అవుతుందని కనిపెట్టి, ఆ సంబరంలో భర్తను గిల్లింది. బురద గట్టు మీద ఆమె ముందుకు వంగితే అతను మోచెయ్యి పట్టుకుని, "జారితే ఇద్దరం కలిసే జారుదాం," అనేవాడు. ఆ ఒక్క మాటతో ఆదివారం గిట్టుబాటయ్యేది.

దొరకనిదల్లా ఆ చెరువే. రాయి ఉన్నచోట రెల్లు లేదు, రెల్లు ఉన్నచోట కొండ లేదు. అన్నీ ఉన్నచోట పడవ పోయి పోయి నట్టనడుమ ఆగేది.

చివరికి ఒక శనివారం ఆమె బల్ల మీద పెట్టిన ఫొటో చూసి వెనక వరుసలో ఎవరో "అబ్బ!" అన్నారు. ముందర తడిసిన రాయి, దాని మీంచి చూపును లాక్కెళ్ళే గట్టు, ఓ పక్కగా చిన్న పడవ, ఆకాశం ఎంత కావాలో అంతే. బావగారు చాలాసేపు చూశారు.

"పడవ వేలెడు ఇవతల ఉండాలి."

"ప్రకృతి మన మాట వినదు కదండీ."

"నా మాట వింది." బయటి పనుల కెమెరా ఉన్న బీరువాకు తాళం వేసి చెవి జేబులో వేసుకున్నారు. "కొందరికి జన్మంతా తిప్పలు పడ్డా పట్టుబడదమ్మాయ్. పో, కత్తెర పట్టుకో."

ఆయన టీకి వెళ్ళారు. క్లాసు ఖాళీ అయింది. అంతలో ఫొటో కోసం ఒక కుటుంబం దిగింది. వాళ్ళ పిల్లవాడు వెనకున్న తెల్ల తెర పట్టుకుని ఊగేసరికి అది బర్రున చిరిగింది.

"అటక మీద నాన్న కాలం నాటి తెరలుండాలి," అన్నాడు భర్త, నిచ్చెన తెచ్చి పట్టుకుంటూ. "తెల్లది ఉందేమో చూడు."

"తేళ్ళో?"

"అన్నయ్య చెప్పడమే, చూసినవాళ్ళు లేరు."

ఆమె ఎక్కింది. తేళ్ళు లేవు. దుమ్ము కొట్టుకుపోయిన గుడ్డ చుట్టలు రెండు మూడున్నాయి. ఒకదాని తాడు విప్పింది. పచ్చటి రంగు పెచ్చులు అరచేతిలో రాలాయి. ఇంకో బారెడు విప్పింది. రంగుల్లో ఎడమకి వంగిన రెల్లు బయటపడింది.

కింద బావగారి గొంతు. ఆ గొంతులో మొదటిసారి వెటకారం లేదు.

"ఎవరెక్కమన్నారు? దిగు! అక్కడేం దొరుకుతుంది నీకు?"

గుడ్డ మీది ఆకాశంలో అడ్డంగా పడిన పాత మడతను ఆమె వేలితో ఆ చివర నుంచి ఈ చివరకు తడిమింది.

"దొరికింది బావగారూ, మీ చెరువు!"