గురువారం నాలుగింటికి

మాస్టారి భార్య పోయిన రోజు, వచ్చేపోయేవాళ్ళ హడావిడిలో, టీవీ రిమోట్ కూడా పోయింది.

మొదటి వారం దాని ఊసు ఎవరూ ఎత్తలేదు. తర్వాత మాస్టారు వెతకడం మొదలుపెట్టారు. సోఫా కింద, బీరువా మీద, ఉతకాల్సిన బట్టల బుట్టలో, ఆఖరికి బియ్యం డబ్బాలో కూడా చెయ్యి పెట్టి చూశారు. దొరకలేదు.

"కొత్తది తెస్తాను అత్తయ్యా" అన్నారు.

"ఎందుకు బాబూ దండగ? బాక్స్‌కి మీటలున్నాయి, మనకి వేళ్ళున్నాయి" అందావిడ.

ఇంట్లో మిగిలింది వాళ్ళిద్దరే. లెక్కలు చెప్పే మాస్టారు, ఆయన అత్తగారు. ఇద్దరికీ మాటలు తక్కువ. ఆ లోటు తెలియకుండా ఇన్నాళ్ళూ మధ్యలో ఒక మనిషి ఉండేది.

ఆమె పోయినా ఒకటి మాత్రం ఆగలేదు. గురువారం సరిగ్గా నాలుగింటికి, టీవీలో ఏం నడుస్తున్నా సరే, బాక్స్ తనంతట తనే మొక్కల కార్యక్రమానికి మారిపోయేది. అందులో ఒక బట్టతలాయన గొంతుక్కూర్చుని కుండీల్లో మట్టి కలుపుతుంటాడు. ఆమె దాన్ని ఏ వారమూ వదిలేది కాదు. మరిచిపోకుండా బాక్స్‌లో రిమైండర్ పెట్టుకునేది. అదే ఇంకా పనిచేస్తోందని మాస్టారి నమ్మకం.

"బట్టతల వచ్చాడు" అని, కూతురు పిలిచినట్టే, అత్తగారు కేకేసేది. ఆయన వెళ్ళి కూర్చునేవారు. ఆయన కూర్చుంటేనే ఆవిడ టీలో రెండు బిస్కెట్లు ముంచుకుని తినేది. మిగతా రోజుల్లో ఆవిడది పిచ్చుక తిండి. అందుకే ఎంత పనున్నా ఆయన ఆ అరగంట వదులుకోలేదు.

ఐదో నెలలో బడికి సెలవులిచ్చారు. మాస్టారు పరీక్ష పేపర్ల కట్టలు హాల్లో పరుచుకుని పొద్దస్తమానం అక్కడే ఉంటున్నారు. సెలవుల్లో మూడో రోజున అత్తగారు నోరు తెరిచి ఒకటి అడిగింది.

"టీవీ, బాక్స్ నా గదిలోకి మార్పించండి బాబూ. మోకాళ్ళు పట్టేస్తున్నాయి. హాల్లోకి రాలేను."

వంటింట్లోకీ పెరట్లోకీ రోజుకు పదిసార్లు తిరిగే మోకాళ్ళు హాలు దగ్గరికొచ్చేసరికే ఎందుకు పట్టేస్తాయో మాస్టారికి అంతుపట్టలేదు. అడగనూ లేదు.

సోమవారం మెకానిక్ వచ్చాడు. మేడ మీది డిష్ నుంచి వచ్చే కేబుల్‌ని ఆవిడ గది కిటికీ దాకా లాగాడు.

"గోడకి కన్నం వెయ్యాలి, మంచం జరపాలి. దుమ్ము పడుతుంది, ఆ దిండు అవతల పెట్టండి మామ్మగారూ."

"దిండు సంగతి నేను చూసుకుంటాను. నువ్వు గోడ సంగతి చూడు."

దిండు ఒళ్ళో పెట్టుకుని కుర్చీలో కూర్చుంది. డ్రిల్లు మోగినంతసేపూ కదల్లేదు.

"నేను దిండ్ల దొంగని కాదండీ."

"నేనన్నానా?"

కేబుల్ బిగించి మెకానిక్ చేతులు దులుపుకున్నాడు. "పాత బాక్స్ కదా మాస్టారూ, లోపలున్నదంతా చెరిపేసి ఛానెళ్ళు మళ్ళీ వెతికించాలి."

మాస్టారు అతన్ని వరండాలోకి తీసుకెళ్ళి గొంతు తగ్గించారు.

"చెరపకుండా కుదరదా?"

"బొమ్మ రాదండీ. అంత దాచుకున్నదేముంది లోపల?"

"గురువారం నాలుగింటికి ఒక రిమైండర్ ఉంది. మా ఆవిడ పెట్టింది. అది పోకూడదు. పెద్దావిడకి వారమంతటికీ అదొక్కటే."

"ఎప్పుడు పెట్టారు?"

"ఆమె పోయి ఐదు నెలలు."

మెకానిక్ స్క్రూడ్రైవర్ జేబులో పెట్టుకున్నాడు. "ఇందులో వారానికి మించి రిమైండర్ నిలవదండీ. ఏ వారానికావారం మళ్ళీ పెట్టుకోవాలి. అదీ రిమోట్ ఉంటేనే."

"ప్రతి గురువారం వస్తోందయ్యా."

"రాకూడదండీ."

"నా కళ్ళతో చూస్తున్నాను."

"అయితే బాక్స్‌కి పిచ్చెక్కి ఉంటుంది" అని అతను తల గోక్కున్నాడు.

మాస్టారు మనసులో లెక్కవేశారు. ఐదు నెలలకు ఇరవై పైచిలుకు గురువారాలు. ఒక్కటీ తప్పలేదు. ముప్పై ఏళ్ళుగా లెక్కలు చెబుతున్న మనిషికి ఆ లెక్క తేలలేదు.

"చెరిపెయ్యి" అన్నారు చివరికి.

ఆ సాయంత్రం అత్తగారికి ఎలా చెప్పాలో తెలియక గుమ్మం దగ్గరే నిలబడ్డారు. "అత్తయ్యా, ఈ గురువారం అది రాకపోవచ్చు. బాక్స్‌లో అన్నీ చెరిగిపోయాయి."

"పోతే పోనివ్వండి. మీరు మాత్రం నాలుగింటికి వచ్చెయ్యండి."

ఆవిడ అంత తేలిగ్గా అనేసరికి ఆయనకు ఇంకా అయోమయమైంది.

గురువారం నాలుగుకు ఐదు నిమిషాలుందనగా పేపర్లు మడిచి ఆవిడ గదిలోకి వెళ్ళారు. టీవీలో వార్తలు నడుస్తున్నాయి. ఆవిడ ముఖం వైపు చూడలేక గోడ గడియారం వైపే చూస్తూ కూర్చున్నారు.

ముల్లు నాలుగు దాటింది. వార్తలు మాయమయ్యాయి. బట్టతలాయన ఒక మొక్కను వేర్లతో సహా పైకెత్తి, చోటు మారిన మొక్క నాలుగు రోజులు వాడుతుంది, కంగారు పడొద్దని చెబుతున్నాడు.

"బట్టతల వచ్చాడు" అంది అత్తగారు, మంచం మీద దిండుకు మోచెయ్యి ఆనించి.

మాస్టారు బాక్స్ వైపు చూశారు. దాని దరిదాపుల్లో ఎవరూ లేరు. ఆవిడ వైపు చూశారు. ఆవిడ బిస్కెట్ల పళ్ళెం ఆయన ముందుకు జరిపింది.

"తినండి బాబూ. వారం మొత్తమ్మీద మీరు కుదురుగా కూర్చుని తినేది ఈ ఒక్క పూటే."

ఆయన చెయ్యి పళ్ళెం మీద ఆగిపోయింది. కాసేపటికి ఒక బిస్కెట్ తీసుకుని, టీలో ముంచి, నెమ్మదిగా తిన్నారు.

ఆ దిండు కింద మాత్రం ఆయన ఇప్పటికీ వెతకలేదు.